చావులేని అల: నా అబద్ధాలు కొన్ని

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు లేచిన పూట, జంగారెడ్డిగూడెం బస్టాండు దగ్గరి టీ కొట్టులో కూచుని, వరదంటే సాలిటనేనని పదిమందికీ విడమరిచి చెప్పాను. చెప్పమని ఎవరూ అడగలేదు. ఏళ్ళ తరబడి ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి అడిగేదాకా ఆగుతాడా?

సాలిటనంటే ఒంటి అల అన్నాను. ముందు నీళ్ళు మట్టంగా ఉంటాయి, వెనక నీళ్ళూ మట్టంగానే ఉంటాయి, నడుమ ఒక్క మూపురం మాత్రం ఆకారం చెడకుండా, వేగం తగ్గకుండా పోతూనే ఉంటుంది. దానికి చావు లేదు. భద్రాచలంలో లేచిన ఈ మూపురం కూనవరం దాటి, పోలవరం దాటి, అచ్చం ఇదే ఎత్తున ధవళేశ్వరం ఆనకట్టకు తగులుతుంది, కావలిస్తే రాసుకోండి అన్నాను. టీ కొట్టాయన గ్లాసులు కడుగుతూ "ఆయ్, అలాగేనండి" అన్నాడు. అందులో నమ్మకం పాలెంతో నాకప్పుడు వినపడలేదు.

అప్పటికి మా బావమరిది కుటుంబం వేలేరుపాడు మండలంలో ఊరు మునిగి మా ఇంట్లో తలదాచుకుంది. 2014లో రాష్ట్రం విడిపోయాక ఖమ్మం జిల్లా నుంచి ఇటు కలిసిన మండలం అది. వరదొస్తే వాళ్ళకు దిక్కయ్యే పట్నం మాదే. అతను నా పక్కనే కూచుని టీ తాగుతున్నాడు. చదువు పదో తరగతితో ఆగిపోయింది గానీ గోదావరిని పుట్టినప్పట్నుంచీ చూస్తున్నవాడు.

"బావగారూ, ఒంటి అల అంటున్నారు గానీ అలాంటిదేం రాదండీ. గట్టు మీద పుల్ల పాతి చూసుకుంటాం కదా, గంటకింత అని పెరుగుద్ది. రోజుల తరబడి పెరిగి, ఒక పూట నిలబడుద్ది. తీసేటప్పుడు ఇంకా నెమ్మది. పైగా మావైపు గోదారి మా మీదికి నేరుగా రాదండీ, వాగుల్ని ఎగదన్నుద్ది. ఆ నిలిచిపోయిన నీళ్ళే ఊళ్ళలోకి ఎక్కుతాయి."

"నీకు లెక్కలు తెలీవులే" అన్నాను. ఇల్లు మునిగిన మనిషితో అన్నాను ఆ మాట.

అతను చెప్పిందే వరద శాస్త్రమని ఆ తర్వాత పుస్తకం తీస్తే తెలిసింది. వరద అల పొడవు వందల కిలోమీటర్లు, ఎత్తు కొద్ది మీటర్లు. అంత సాగిపోయినదాన్ని నడిపేవి రెండే: ఏటి వాలు, అడుగున రాపిడి. ఒడ్డు దాటి పొలాల్లోకి పరుచుకున్న కొద్దీ శిఖరం తగ్గుతుంది, వెడల్పవుతుంది, ఆలస్యమవుతుంది. మధ్యలో శబరి లాంటి ఉపనది కలిస్తే మళ్ళీ లెక్క మారుతుంది. 1986 ఆగస్టులో భద్రాచలంలో 75.6 అడుగులొచ్చిన వరదైనా అంతే. అందుకే వరద హెచ్చరిక చెప్పేవాళ్ళు భద్రాచలం అంకెను ధవళేశ్వరానికి కాపీ కొట్టరు, ఊరూరా గేజీలు పెట్టుకుని చూస్తారు. సాలిటన్‌ను సాలిటన్ చేసే లక్షణాల్లో మొదటిది ఆకారం చెడకపోవడం. వరదకు లేనిది సరిగ్గా అదే. దాన్ని పట్టుకుని నేను ఉపన్యాసం దంచాను.

ఈ పిచ్చి నాకు పట్టించినవాడు జాన్ స్కాట్ రసెల్ అనే స్కాట్లండు ఇంజినీరు. 1834 ఆగస్టులో ఎడింబరో దగ్గర యూనియన్ కాలువలో రెండు గుర్రాలు లాగుతున్న పడవను ఆయన గమనిస్తున్నాడు. పడవ ఉన్నట్టుండి ఆగింది. దాని ముందు పోగైన నీళ్ళు మాత్రం ఆగలేదు. ముప్పై అడుగుల పొడవు, అడుగు నుంచి అడుగున్నర ఎత్తు ఉన్న నున్నటి నీటి దిబ్బ ఒకటి పడవను వదిలేసి కాలువ వెంట సాగిపోయింది. రసెల్ గుర్రమెక్కి వెంబడించాడు. గంటకు ఎనిమిదీ తొమ్మిది మైళ్ళ వేగం. ఎంత దూరం పోయినా అదే వేగం, అదే ఆకారం.

ఈ కథ ప్రతి ఏడూ క్లాసులో చెప్పేవాణ్ణి. బల్ల మీద వేళ్ళతో గుర్రపు డెక్కల చప్పుడు కూడా చేసేవాణ్ణి. గుర్రం ఆగిపోయింది గానీ అల ఆగలేదర్రా, అది ఇప్పటికీ ఎక్కడో పోతూనే ఉండుంటుంది అని ముగించేవాణ్ణి. పిల్లలు నోళ్ళు తెరిచేవాళ్ళు.

రసెల్ రాసింది అది కాదు. దిబ్బ ఎత్తు క్రమంగా తగ్గుతూ వచ్చిందనీ, మైలో రెండు మైళ్ళో తరిమాక కాలువ మలుపుల్లో తన కంటికి కనపడకుండా పోయిందనీ స్పష్టంగా రాశాడు పాపం. 1844లో ఆయన అచ్చువేయించిన అలల నివేదికలోనే ఉంది ఆ ముక్క. నేను చదవకపోలేదు. చదివాను, వదిలేశాను. చావులేని అల కథలో హీరో మలుపు దగ్గర మాయమైపోతే క్లాసు ఏం రక్తి కడుతుంది?

స్టాఫ్ రూములో ఇంకో మెట్టు పైకెక్కాను. మన ఏలూరు కాలువలో పడవలు లాగినవాళ్ళకు ఇది రసెల్ కంటే ముందే తెలిసుంటుంది, తెల్లవాడు రాసుకున్నాడు, మనవాడు రాసుకోలేదు, తేడా అంతే అన్నాను. ఈ మాటకు కరతాళధ్వనులు దొరికాయి, ఇలాంటి మాటలకు ఎప్పుడూ దొరుకుతాయి. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టిందే 1847లో. రసెల్ గుర్రమెక్కేనాటికి ఆ కాలువే లేదు. సరే, తర్వాతైనా కనపడి ఉంటుందా అంటే అదీ కష్టమే. ఆరడుగుల లోతు నీళ్ళలో ఇలాంటి అల పుట్టాలంటే అది సెకనుకు నాలుగు మీటర్ల పైచిలుకు వేగంతో పోవాలి, అంటే గంటకు పదిహేను కిలోమీటర్లు. పడవ వేగం ఆ దరిదాపులకు వస్తేనే నీళ్ళు ముందు పోగుపడతాయి. గట్టు మీద భుజాన తాడేసుకుని ధాన్యం పడవ లాగే మనిషి నడక అందులో మూడో వంతు కూడా ఉండదు. ఆ లెక్క వేయడానికి చిత్తుకాగితం మీద రెండు నిమిషాలు చాలు. నేను వేయలేదు. ఆ కూలీల భుజాల మీద కాసిన కాయల గురించి మాట్లాడాల్సిన చోట లేని ఘనత అంటగట్టి ఊరుకున్నాను.

అసలీ అల ఎందుకు నిలబడుతుంది? మా ఊరి నుంచి మద్ది ఆంజనేయస్వామి గుడికి కాలినడకన బయల్దేరిన గుంపును చూడండి. ఊరు దాటేసరికి చురుకైనవాళ్ళు ముందుకు, కాళ్ళనొప్పులవాళ్ళు వెనక్కి పోయి, గుంపు దారి పొడుగునా పలచబడిపోతుంది. నీటి దిబ్బా అంతే. అందులో కలిసున్న పొడుగు అలలూ పొట్టి అలలూ తలో వేగంతో పోతాయి కాబట్టి అది సాగి చెదిరిపోవాలి. దీనికి ఎదురుగా ఇంకోటి పనిచేస్తుంటుంది. దిబ్బ శిఖరం దగ్గర లోతెక్కువ, అందుకని శిఖరం పాదం కంటే వేగంగా పోతుంది. అదొక్కటే ఉంటే ముందు భాగం నిటారుగా లేచి, నురగ కక్కి విరిగిపోవాలి. చెదరగొట్టేది ఒకటి, నిటారు చేసేది ఒకటి. రెండూ సరిగ్గా సరిపోయిన ఎత్తుకూ పొడవుకూ ఆ దిబ్బ ఎటూ కాకుండా నిలబడిపోతుంది. ఎయిరీ, స్టోక్స్ లాంటి ఉద్దండులు రసెల్‌ను నమ్మలేదు. 1870ల్లో బూసినెస్క్, రేలీ లెక్కతో సమర్థించారు. 1895లో హాలండులో కోర్టెవెగ్, డి వ్రీస్ సమీకరణం రాశారు. మళ్ళీ అరవై ఏళ్ళు ఎవరికీ పట్టలేదు. 1950ల్లో లాస్ అలామోస్‌లో ఫెర్మీ, పాస్తా, ఉలమ్, మేరీ సింగూ కలిసి కంప్యూటర్లో స్ప్రింగుల గొలుసును ఊపి చూస్తే, శక్తి అన్నిటికీ పంచుకుపోవాల్సింది పోయి దాదాపు మొదటికే తిరిగొచ్చింది. ఆ చిక్కుముడి విప్పబోయి జబుస్కీ, క్రుస్కల్ 1965లో ఈ అలలకు సాలిటన్ అని పేరు పెట్టారు.

ఇందులో నాకు పట్టనిది ఒకటుంది. ఆ 1895 సమీకరణంలో నీళ్ళకు రాపిడి లేదు. కాలువ అడుగు చదును. గోడలు ఒకదానికొకటి సమాంతరం. లోతు మారదు, మలుపు లేదు. అంటే అలకు ఆయుష్షు పోసింది సగం అలే, మిగతా సగం కాలువ. నేను మొత్తం అల ఖాతాలో వేసేశాను.

అది నాకు నేర్పాల్సింది ఒక సిమెంటు కాలువ. నేర్పింది కూడా, నేనే నేర్చుకోలేదు. స్నేహితుడి పామాయిల్ తోటలో, డ్రిప్పు రాకముందు బోరు నీళ్ళు పారించడానికి కట్టిన కాలువ ఒకటుంది, మూరెడు వెడల్పు, నిటారు పొడవు. ఒక ఆదివారం కొంతమంది పిల్లల్ని వెంటేసుకుని సాలిటన్ చూపిస్తానని బయల్దేరాను. ముందు బోరు పక్కన తొట్టిలో ప్రయత్నించాను. చేత్తో కొడితే గుండ్రంగా నలుదిక్కులా పాకి గోడ చేరేలోపే చదునైపోయింది. నలుదిక్కులా పరుచుకునే వీలున్న నీటిలో ఒంటి దిబ్బ నిలవదన్న సంగతి అక్కడే నా కళ్ళ ముందు జరిగింది. తొట్టి బాగోలేదని తీర్పు చెప్పి కాలువ దగ్గరికి తీసుకుపోయాను.

జానెడు లోతు నీళ్ళు నింపి, చెక్కపలకతో బలంగా కొట్టాను. నురగ లేచింది, వెనక చిల్లర అలలు బారులు తీరాయి. మళ్ళీ ఇంకా బలంగా కొట్టాను. చొక్కా తడిసింది. తోట చూసే అతను కాసేపు చూసి, "కొడతారేంటండీ మాస్టారూ, నెట్టాలి" అని పలక తీసుకున్నాడు. కాలువకు అడ్డంగా పట్టుకుని ఒకే ఊపున రెండడుగులు ముందుకు నడిపి, టక్కున ఆపేశాడు. రసెల్ చూసిన పడవ చేసింది సరిగ్గా అదే. ఒక్క నున్నటి మూపురం పలకను వదిలి, మనిషి నడిచే వేగంతో కాలువ వెంట సాగిపోయింది. పిల్లలు దాంతోపాటు గట్టు మీద పరిగెత్తారు. అంత అందమైన దృశ్యం నా సర్వీసులో ఇంకోటి లేదు. అది చివరి గోడకు తగిలి వెనక్కి తిరిగింది, కాస్త పొట్టిదై. మళ్ళీ ఇటు తగిలి అటు పోయింది, మరికాస్త పొట్టిదై. పాచి పట్టిన సిమెంటు గోడలు, గరుకు అడుగు కొంచెం కొంచెంగా తినేశాయి దాన్ని. కాసేపటికి నీళ్ళు మట్టమైపోయాయి.

ఒక అమ్మాయి అడిగింది: "మాస్టారూ, చావు లేదన్నారు కదండీ. మరెక్కడికి పోయిందండీ?"

రాపిడి తినేసిందమ్మా అంటే అయిపోయేది. "ఉందమ్మా. మన కళ్ళకు ఆనట్లేదంతే" అన్నాను. ఆ పిల్ల దాన్ని నోట్సులో రాసుకుంది. రాసుకుంటుంటే చూస్తూ ఊరుకున్నాను.

ఇక వాల్తేరు సంగతి. ఇది మరీ సిగ్గుచేటు. నేను ఎమ్మెస్సీ చదివింది ఆంధ్రా యూనివర్సిటీలో. కొండ మీద నుంచి చూస్తే, గాలి తక్కువున్న పొద్దుల్లో సముద్రం మీద తీరం వెంబడి నున్నటి పట్టీలు కనపడేవి, గరుకు నీళ్ళ నడుమ ఇస్త్రీ చేసినట్టు. ఓడల నూనె అని మావాళ్ళకు చెప్పాను. పెళ్ళయ్యాక మా ఆవిడను కైలాసగిరికి తీసుకెళ్ళి ఆవిడకూ అదే చెప్పాను. "ఇన్ని ఓడలు కారిపోతుంటే ఎవరూ బాగుచేయించరేంటండీ?" అని ఆవిడ అడిగింది. మంచి ప్రశ్న. దానికీ ఏదో కల్పించి చెప్పాను.

1952లో అమెరికా నుంచి యూజీన్ లాఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త అదే యూనివర్సిటీకి వచ్చాడు. మనవాళ్ళతో కలిసి ఆ తీరం కింద నీళ్ళ ఉష్ణోగ్రతలు కొలిచాడు. పైన వెచ్చటి తేలికైన పొర, కింద చల్లటి బరువైన పొర, రెండిటి సరిహద్దు పోటుపాటుల లయలో పైకీ కిందికీ ఊగుతోందని పూర్ణచంద్రరావుగారితో కలిసి రాసిన వ్యాసాన్ని 1954లో యూనివర్సిటీయే అచ్చువేసింది. సముద్రం లోపలి అలలవి. అవి పోతున్నప్పుడు పైనీళ్ళు కొన్నిచోట్ల దగ్గరికి చేరి, సముద్రజీవుల నుంచి వచ్చే సహజమైన జిడ్డు అక్కడ పోగుపడి, చిన్న చిన్న తరగల్ని అణిచేస్తుంది. నున్నటి పట్టీ అదే. నేను చూసిన ప్రతి పట్టీ అదేనని చెప్పలేను గానీ, ఓడలు మాత్రం అన్ని కారలేదు. నేను అక్కడ చేరడానికి కాస్త ముందే, 1980లో, ఆస్బర్న్, బర్చ్ అనే ఇద్దరు అండమాన్ సముద్రంలో ఈ లోపలి అలలే సాలిటన్లుగా పోతున్నాయని కొలతలతో చూపించారు. లోపల ఆ సరిహద్దు అరవై మీటర్ల దాకా కిందికి కుంగుతుంది. ఇరవై అంతస్తుల మేడంత. పైన మాత్రం ఒక గరుకు పట్టీ. లైబ్రరీ మెట్లెక్కితే దొరికే సంగతి ఇది. సాలిటన్ అంటే ఎడింబరో అని కలవరించినవాడు తన హాస్టలు పక్కనున్న సముద్రాన్ని నూనె మరకల కింద కొట్టేశాడు.

తెలిశాకైనా బుద్ధొచ్చిందా? విశాఖ తీరంలో ఉన్నవన్నీ సాలిటన్లేనని ఒక సభలో చెప్పేశాను. లాఫాండ్ చూసినవి పోటుపాటులతో ఊగే పొడవాటి అలలు. అవి ఖండం అంచు దగ్గర నిటారుగా లేచి, ముక్కలైనప్పుడే ఒంటి అలల వరసలు పుడతాయి. ఒక తప్పు దిద్దుకోబోయి దాని ఎదురు గోడకు గుద్దుకోవడం నాకు అలవాటే.

ఇన్నాళ్ళకు నా చెవి మెలేసింది మా పాత విద్యార్థి ఒకడు. విదేశంలో చల్లటి అణువుల మీద పరిశోధన చేస్తున్నాడు. సంక్రాంతికి వచ్చి మా అరుగు మీద కూచుని ఎంతో మర్యాదగా అన్నాడు: "మాస్టారూ, మీరు చావులేని అల అన్నారు కదండీ. మా ల్యాబులో దాన్ని రోజూ చంపుతున్నామండీ."

వాడి వెంట వాళ్ళ నాన్నా వచ్చాడు, పొగాకు రైతు. మావాడు మాట మధ్యలో ఈ అలలకు ఎన్‌ఎల్‌ఎస్ సమీకరణం వాడతామని, అంటే నాన్‌లీనియర్ ష్రోడింగర్ అని విప్పబోయేలోపే ఆయన చెవులు నిక్కించాడు. పొగాకు బోర్డు లెక్కల్లో మా మెట్ట నేలల పొగాకును ఎన్‌ఎల్‌ఎస్ అంటారు, నార్తర్న్ లైట్ సాయిల్స్. "అక్కడ కూడా మన ఆకేనా? కిలో ఎంత పలుకుతోందిరా?" అన్నాడు. ఆ సాయంత్రం మొత్తానికి సూటిగా పనికొచ్చే ప్రశ్న అదొక్కటే.

మావాడు చెప్పింది నాకర్థమైనంత మేరకు రాస్తాను. ఢాకాలో పనిచేస్తున్న సత్యేంద్రనాథ్ బోస్ 1924లో వేసిన లెక్కను ఐన్‌స్టీన్ అణువులకు విస్తరించాడు. పరమశూన్య ఉష్ణోగ్రతకు ఒక డిగ్రీలో కోటో వంతు దరిదాపులకు చల్లబరిస్తే అణువులన్నీ ఒకే స్థితిలోకి దిగి ఒకే అలగా ప్రవర్తిస్తాయి. 1995లో బౌల్డర్‌లో కార్నెల్, వీమన్ రుబీడియంతో దాన్ని చేసి చూపించారు. అలాంటి అణువుల మబ్బులోనూ నీటి కాలువలో ఉన్న పేచీయే. అల స్వభావం చెదరగొడుతుంది, అణువుల మధ్య ఆకర్షణ ఉంటే అది దగ్గరికి లాగుతుంది. రెండూ సరిపోతే సాలిటన్. 2002లో అమెరికాలో రైస్ యూనివర్సిటీవాళ్ళూ, పారిస్‌వాళ్ళూ లిథియం అణువులతో అలాంటివి తయారుచేశారు. రైస్‌లో ఒకటి కాదు, సాలిటన్ల గొలుసే పుట్టింది. సన్నటి లేజరు గొట్టంలో ముందుకూ వెనక్కూ ఊగుతూ, చెదరకుండా మూడు సెకన్ల దాకా బతికాయి. అణువుల లోకంలో మూడు సెకన్లంటే తక్కువేం కాదు.

"మరి చంపడమేంట్రా?" అన్నాను.

వాడు కాగితం అడిగాడు. లెక్క ఇలా చెప్పాడు. మబ్బును సగానికి నొక్కారనుకోండి. చెదిరిపోవాలన్న తపన నాలుగింతలవుతుంది, అది ఎక్కడైనా ఒకటే. ఆకర్షణ మాత్రం మబ్బు ఎలాంటి చోట ఉందన్న దాన్నిబట్టి పెరుగుతుంది. సన్నటి గొట్టంలో ఒకే దారి ఉంటే రెండింతలు. పళ్ళెంలా రెండు దిక్కుల్లో పరిచి ఉంటే నాలుగింతలు. మూడు దిక్కులా స్వేచ్ఛ ఉంటే ఎనిమిదింతలు. గొట్టంలో నొక్కితే నాలుగు రెండును గెలుస్తుంది, మబ్బు తిరిగి తన కొలతకు వస్తుంది. స్థిరత్వమంటే అదేనండీ అన్నాడు. మూడు దిక్కుల్లో ఎనిమిది నాలుగును గెలుస్తుంది. నొక్కిన కొద్దీ ఇంకా కుంచించుకుపోతుంది, కూలిపోతుంది. పళ్ళెంలో నాలుగుకు నాలుగు, కత్తి అంచు మీద నడక. అల ఒకటే, సమీకరణమూ ఒకటే. చోటు మారితే చిరాయువు కాస్తా అల్పాయుష్కురాలు అయిపోతుంది. తొట్టిలో నేను కొట్టిన దెబ్బ గుర్తొచ్చింది. తొట్టి బాగోలేదన్నాను కదా, పాపం తొట్టికి ఆనాడే అన్నీ తెలుసు.

గొట్టంలోనైనా ఒక హద్దుంది. గొట్టం ఎంత సన్ననైనా దానికి కొంత మందం ఉంటుంది కాబట్టి, అణువుల సంఖ్య ఒక మేర దాటితే అక్కడా ఆకర్షణదే పైచేయి. 2001లో బౌల్డర్‌లోనే అయస్కాంత క్షేత్రం మార్చి, ఒకదాన్నొకటి నెట్టుకుంటున్న రుబీడియం-85 అణువుల్ని ఒక్కసారి ఆకర్షించుకునేలా చేశారు. మబ్బు లోపలికి కూలి, ఆ వెంటనే బయటికి పేలింది. నక్షత్రాల పేలుడు పోలికతో దానికి బోసెనోవా అని పేరు పెట్టారు. పేలాక మిగిలినదాన్ని 2006లో జాగ్రత్తగా చూస్తే, ఆ శకలాలు సాలిటన్లట.

నెట్టుకునే అణువుల మబ్బులో ఇంకో రకం ఉంటుంది: మూపురం బదులు గుంట. చీకటి సాలిటన్ అంటారు. 1999లో జర్మనీలో హానోవర్‌వాళ్ళు చూపించారు. గొట్టం సన్నగా ఉన్నంతసేపు గుంట బుద్ధిగా పోతుంది. కాస్త వెడల్పైతే గుంట పాములా మెలికలు తిరిగి సుడులుగా విడిపోతుంది. 2001లో ఆ సుడుల్ని ఉంగరాల రూపంలో కంటితో చూశారు. మావాడు ఇదంతా చెబుతుంటే మధ్యలో నేను, "రసెల్ గారికి మలుపు, మీకు వెడల్పు" అన్నాను. వాడు "అవునండీ" అని, నన్ను పరీక్షగా చూసి, "మలుపు సంగతి మీరు మాకు చెప్పలేదండీ" అన్నాడు. మా ఆవిడ సరిగ్గా అప్పుడే పోకుండలు తెచ్చి బతికించింది.

మిగిలింది పెళ్ళి ఉపన్యాసం. దీన్ని చివరిదాకా వాయిదా వేశాను, రాయకుండా తప్పించుకోవచ్చేమోనని.

తెలిసినవాళ్ళ అమ్మాయి పెళ్ళి. వధూవరుల్ని ఆశీర్వదిస్తూ నాలుగు ముక్కలు చెప్పమని మైకు చేతికిచ్చారు. చెప్పాను: "దంపతులు రెండు సాలిటన్లలా ఉండాలి. రెండు సాలిటన్లు ఎదురైతే ఢీకొంటాయి, కలుస్తాయి, మళ్ళీ దేని ఆకారంతో అది, దేని వేగంతో అది, ఏమీ జరగనట్టు ముందుకు సాగిపోతాయి." చప్పట్లు పడ్డాయి. ముందు వరసలో పెళ్ళికూతురి అమ్మమ్మ మాత్రం చప్పట్లు కొట్టలేదు. భోజనాల దగ్గర నన్ను పట్టుకుని, "అంటే ఒకర్నొకరు దాటుకుని తలో దారిన పోవాలంటావా నాయనా?" అంది. నా చేతిలో పూతరేకు విరిగిపోయింది.

శాస్త్రం ప్రకారం కూడా నేను చెప్పింది తప్పే. ఏమీ జరగనట్టు పోవు. నీటి కాలువలో ఎత్తైన అల వేగంగా వచ్చి పొట్టిదాన్ని దాటితే, ఎత్తైనది తానుండాల్సిన చోటికంటే కాస్త ముందుకూ, పొట్టిది కాస్త వెనక్కూ జరిగి ఉంటాయి. కలిసిన గుర్తు ఆకారంలో ఉండదు, చోటులో ఉంటుంది. సాలిటన్ అని పేరు పెట్టిన ఆ 1965 నాటి కాగితంలోనే ఉందిది. ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే ఉపన్యాసం నిలబడేది, అమ్మమ్మగారూ మెచ్చుకునేవారేమో. నేను మాత్రం "ఏమీ జరగనట్టు" అన్నదాన్ని పట్టుకుని వేలాడాను.

అబ్బాయి ఇప్పుడు దుబాయిలో, అమ్మాయి తాడేపల్లిగూడెంలో. అతను సెలవు మీద వచ్చేసరికి ఆవిడకు పరీక్షల డ్యూటీ పడుతుంది, ఆవిడకు సెలవులొచ్చేసరికి అతను విమానమెక్కుతాడు. మొన్న మద్ది ఆంజనేయస్వామి గుడి దగ్గర అమ్మమ్మగారు కనపడి, "నీ నోటి చలవే నాయనా" అంది. కోపంగా కూడా అనలేదు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, "దాటుకుపోకుండా రెండూ ఒకటైపోయే లెక్క లేదా మీ చదువులో?" అని అడిగింది.

ఉంది. 2014లో రైస్‌వాళ్ళు రెండు లిథియం సాలిటన్లను ఎదురెదురుగా వదిలి చూశారు. రెండిటి ఊపూ, అంటే ఫేజు, ఒకదానికొకటి వ్యతిరేకంగా ఉంటే నడుమ సందు వదిలి, తాకకుండా వెనుదిరిగినట్టు కనపడ్డాయి. ఒకదాన్ని కావాలని చిన్నది చేసి గుర్తుపట్టి చూస్తే, తిరిగిపోలేదు, ఒకదాన్నొకటి దాటే పోయాయి. ఊపు కలిసి ఉంటే మాత్రం నడిమధ్యన ఒకటిగా పోగయ్యాయి. అక్కడ్నుంచి ఒక్కోసారి రెండూ కలిసిపోయి ఒకటే మిగులుతుంది.

"ఉందండి అమ్మమ్మగారూ. ఊపు కలిసి దగ్గరికొస్తే ఒక్కటైపోతాయి" అన్నాను.

"అలా చెప్పు మరి" అని ఆవిడ అప్పం ప్రసాదం సగం తుంచి నా చేతిలో పెట్టింది. ఒక్కటైనదాంట్లో అణువులు హద్దు దాటితే ఏమవుతుందో అడుగుతుందేమోనని గబగబా చెప్పులేసుకుని ఆటో ఎక్కేశాను.